ఉంటే మంచిదే

ఆర్చ్ లినక్స్‌లో చాలా ప్రోగ్రాములు ఎక్కించినప్పుడు, పని ముగిశాక ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మన్ ఒక చిట్టా విప్పుతుంది. ఇవి లేకపోయినా నడుస్తుంది, ఉంటే ఇంకా బాగుంటుంది అని. ఒక్కో పేరు పక్కనే కారణం కూడా. ఎంపీవీ వీడియో ప్లేయర్‌నే చూడండి: వైటీ-డీఎల్‌పీ తెచ్చుకుంటే వీడియో సైట్లలోవి నేరుగా ఆడించుకోవచ్చట. ఎందుకో చెప్పి, ఆపైన మన ఇష్టానికి వదిలేసే ఈ మర్యాద నాకు నచ్చుతుంది.

చిట్టాలోనే ఒక తమాషా ఉంది. మన దగ్గర ఉన్నదాని పక్కన బ్రాకెట్లో ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉంటుంది. లేనిదాని పక్కన ఏమీ ఉండదు. పెళ్లి సరుకుల జాబితాలో వచ్చినవాటికి టిక్కు పెట్టినట్టన్నమాట. కానీ రేపు పెళ్లనగా మేనమామకు కావలసింది టిక్కు పడనివే కదా! చిట్టా పొడుగైతే ఖాళీలను వెతుక్కోవడం కంటికి శ్రమ.

డెబియన్‌లోని ఆప్ట్‌ది దీనికి ఎదురు స్వభావం. అక్కడ మూడు మెట్లు: డిపెండ్స్, రికమెండ్స్, సజెస్ట్స్. మొదటివి లేనిదే పని సాగదు. రెండోవాటిని 2009లో వచ్చిన లెన్నీ వెర్షన్ నుంచి అడక్కుండానే తెచ్చిపెడుతోంది. వద్దనుకుంటే మనమే చెప్పాలి. మూడోవాటిని తేదు, పేర్లు మాత్రం చదువుతుంది, అదీ లేనివే. ఉన్నవాటి ఊసెత్తదు. చూపుకు హాయే, కానీ ఏది దేనికో ఒక్క ముక్క చెప్పదు. పేరు చివర ‘డాక్’ అని ఉంటే ఏవో పత్రాలని పోల్చుకోవచ్చు, మిగతావన్నీ చిక్కుముడులే. నా ఓటు ప్యాక్‌మన్‌కే. ఖాళీలు నేను వెతుక్కోగలను, కారణాలు ఊహించుకోలేను.

పాత ప్యాకేజీని కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు ప్యాక్‌మన్ మళ్లీ పాత పాట పాడకుండా, కొత్తగా చేరిన పేర్లే చెప్పడం కూడా మెచ్చుకోదగ్గదే.

ఇబ్బందంతా వేళతోనే. ఎక్కించేటప్పుడు ఈ చిట్టా మనం ‘సరే’ అనేశాక వస్తుంది. అప్పటికి చూపు వేరే కిటికీ మీద ఉంటుంది. తీసేసేటప్పుడు అలా కాదు. వైటీ-డీఎల్‌పీని తొలగించమంటే, ఎంపీవీకి ఇది ఐచ్ఛికంగా కావాలని ముందే ఒక వరుస రాసి, ఆ తర్వాతే తీసెయ్యనా అని అడుగుతుంది. అడ్డుపడదు. అవుననాలా కాదనాలా అని వేలు కీబోర్డు మీద ఆగి ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క వరుసనూ మనం నిజంగా చదువుతాం.