ఏటి చేపా, చెరువు చేపా?

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో కీసర వంతెన రాగానే కిటికీలోంచి తొంగిచూడకుండా ఉండలేం. కింద మున్నేరు. వేసవిలో ఇసుక మధ్య పిల్లకాలువలా పారుతుంది. 2023 జులైలో ఇదే ఏరు ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికెక్కి లారీలనీ బస్సులనీ ఎక్కడివక్కడ ఆపేసింది.

ఆమధ్య ఓ ఆదివారం నందిగామలో దిగాను. జగ్గయ్యపేటలో చుట్టాలింటికి ఉత్తచేతులతో ఏం వెళ్తాం, చేపలు పట్టుకెళ్దామని రోడ్డు పక్కన ఆగాను. ఒకావిడ గోనెపట్టా మీద బొచ్చె, శీలావతి, రెండు కొర్రమీనులు పెట్టుకుని కూర్చుంది.

"ఏటివేనా అమ్మా?"

"చెరువులన్నీ అలుగు పోసి ఏట్లోనే కలిశాయి కదండీ. ఇంక ఏది ఎక్కడిదో ఆ గంగమ్మకే తెలియాలి!"

నవ్వేసి శీలావతి కొన్నాను. కానీ ఆ మాట జగ్గయ్యపేట దాకా నన్ను వదల్లేదు.

ఒకే జాతి చేప నీటిని బట్టి ఎంత మారుతుందో చూడాలంటే ఐస్‌ల్యాండ్ వెళ్లాలి. అక్కడ తింగ్‌వాల్లవాట్న్ అనే సరస్సు ఉంది. సుమారు 10,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముగిశాక, ఆర్కిటిక్ చార్ అనే చేప అందులో చిక్కుపడింది. పోటీకి వేరే చేపలు పెద్దగా లేవు. అడుగున నత్తలు తినేవి ఒక తీరుగా, రాళ్ల సందుల్లో బతికే పొట్టివి ఒక తీరుగా, నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని తినేవి ఇంకో తీరుగా, తోటి చేపల్నే మింగేవి మరో తీరుగా తయారయ్యాయి. జాతి ఒకటే, రూపాలు నాలుగు!

మనవి అలా మూతపడ్డ నీళ్లు కావు. వైరా, కట్టలేరు మున్నేట్లో కలుస్తాయి. మున్నేరు, పాలేరు కృష్ణలో కలుస్తాయి. అయినా ఒకే పేరున్న చేపలన్నీ ఒకటి కావు. నేను కొన్న శీలావతి, అంటే రోహు, సంగతే చూడండి. అది చెరువులో పెరుగుతుందే గానీ గుడ్లు పెట్టదు. వానాకాలం నదికి కొత్తనీరు రావాల్సిందే. అందుకే ఒకప్పుడు నదుల్లో పట్టిన పిల్లల్నే చెరువుల్లో వదిలేవారు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి హార్మోన్ ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటినుంచి హేచరీలు వచ్చాయి, మన కైకలూరు చెరువులు నిండాయి.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. అవే తల్లిచేపల్ని, వాటి పిల్లల్నే మళ్లీ మళ్లీ వాడితే మేనరికం ఎక్కువై విత్తనం నీరసిస్తుంది. పత్తి, మిర్చి వేసే ఈ మెట్ట రైతుకి విత్తనం సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

మరి మందు ఎక్కడ దొరికింది? నదుల్లోనే. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల నుంచి రోహుల్ని తెచ్చి, తమ ఫారం చేపలతో కలిపి, బాగా ఎదిగిన వాటిని ఏరుకుంటూ పోయింది. అలా వచ్చిందే 'జయంతి' రోహు. తరానికి సుమారు 17 శాతం ఎదుగుదల పెరిగింది. అయిదు నదుల చేపలూ అచ్చం ఒకేలా ఉంటే, ఏరుకోవడానికి ఏముండేది?

సాయంత్రం వేదాద్రి వెళ్లాను. నరసింహస్వామి దర్శనం చేసుకుని కృష్ణ మెట్ల మీద కూర్చున్నాను. దూరంగా ఒకాయన పుట్టిలోంచి వల తీస్తున్నాడు. ఒడ్డుకొచ్చాక చూస్తే, వలలో వేలెడంత పిల్లలే ఎక్కువ.

"ఇంత చిన్నవి పట్టేస్తే ఎలాగన్నా?" అన్నాను.

"నేను వదిలితే కింద ఇంకొకరు పడతారండీ," అన్నాడు.

తప్పు ఆయనొక్కడిదే కాదు. మున్నేటి ఇసుక తవ్వేది మనమే. తొలకరికి గుడ్లతో ఎదురెక్కే చేపని "జన ఉందా?" అని అడిగి మరీ కొనేదీ మనమే. ఏటి చేప అంటే రుచి ఒక్కటే కాదు, రేపటి చెరువులకి విత్తనాల గాదె. ఆ గాదె ఊడ్చేస్తే హార్మోన్ సూది ఎంత వేసినా కొత్త విత్తనం పుట్టదు.

ఈసారి తొలకరిలో నందిగామ వెళ్తే, ఆవిడ దగ్గర చెరువు చేపే అడిగి కొంటాను.