“గట్టిగా” అనగా నెంత?

గత వేసవి సెలవులలో మేము మా మోటారుసైకిలు వెనుక చక్రమును స్వయముగా విప్పి, శుభ్రపఱచి, తిరిగి బిగించితిమి. ట్రెయినింగు కాలేజీలో చేతిపనుల పరీక్షయందు మాకు మంచి మార్కులు వచ్చియుండుటచేత, ఈ పనికి మఱియొకని పిలుచుట చిన్నతనముగా తోచెను. ఇరుసు నట్టును పానాపై కాలుమోపి కిఱ్ఱుమనువఱకు త్రిప్పితిమి. బ్రేకుపళ్లెము చక్రముతోపాటు తిరిగిపోకుండ నిలుపు కమ్మీ యొకటి కలదు. దాని నట్టు చిన్నది; అప్పటికి చేతులును నొచ్చినవి. పాత స్ప్రింగు వాషరునే తొడిగి, చేతికి బిగువు తగిలినంతనే విడిచితిమి.

బడులు తెఱచిన వారమున, మా చిన్నమ్మాయిని వెనుక కూర్చుండబెట్టుకొని అంబాజీపేటనుండి అమలాపురమునకు కాలువగట్టుమీదుగా వచ్చుచుంటిమి. కాలువలకు అప్పుడే నీరు వదలిరి. కొబ్బరికాయల లారీ యెదురుగా రాగా బ్రేకు త్రొక్కితిమి. క్రింద నేదో ఠంగున విఱిగినట్లు చప్పుడై, చక్రము స్తంభించి, బండి గట్టువాలున జాఱి, యొక కొబ్బరిచెట్టు మొదలున ఆగెను. ఆ చెట్టునకును నీటికిని నడుమ మూడు బారలైనను లేవు. అమ్మాయి మోకాలు దోక్కొనిపోయినది. ఆమె యేడువలేదు, “నాన్నా, నట్టు ఊడిందా?” అని మాత్ర మడిగినది. చక్రము బిగించునాడు ఆమెయే మాకు నట్లందించినది.

బండిని త్రోసికొనిపోయి చేరిన కొట్టు మా పూర్వశిష్యునిది. భౌతికశాస్త్రము నీకు పట్టుబడదని మేమతనితో పలుమారు లనియుంటిమి. వ్రేలాడుచున్న కమ్మీని చూచి అతడు నవ్వలేదు.

“తమరు బిగించారండీ, కాదనను. ఎంత బిగించారో చెప్పగలరాండీ, మాష్టారూ?”

“గట్టిగానే” అంటిమి.

“ఆయ్, గట్టిగా అంటే ఎంతండీ?”

ప్రమాణము వ్రాయని జవాబునకు మార్కు లేదని ఇరువది యేండ్లుగా పిల్లలకు చెప్పుచున్న వారము మేము. మాకు జవాబు లేకపోయెను.

తరువాత అతడు చెప్పినదెల్ల మేము నల్లబల్లపై చెప్పు పాఠమే. బోల్టును బిగించినపుడు అది వెండ్రుకవాసి సాగును. సాగిన స్ప్రింగువలె కుంచించుకొనజూచుటచేతనే రెండు లోహములను అదిమిపట్టును. చాలినంత సాగనిచో పట్టు లేదు. హద్దుమీఱినచో వెనుకకు రాదు, లేదా తెగును. మనము త్రిప్పు బలములో సుమారు పదింట తొమ్మిదివంతులు తలక్రిందను, మరచుట్లలోను రాపిడికే పోవును. అందుచేత నూనె తడిసిన బోల్టునకును పొడిబోల్టునకును ఒకే బలము చెల్లదు. 8 మిల్లీమీటర్ల 8.8 తరగతి ఉక్కు బోల్టునకు సుమారు 25 న్యూటన్ మీటర్లు కావలెను. అనగా పావుమీటరు పిడి చివర పదికిలోల బరువు వ్రేలాడదీసినంత. మేము మోపిన కాలిబరువు లెక్క పిల్లలే వేసికొందురుగాక! ఏ బండి కే యంకెయో దాని పుస్తకములో నుండును. ఆ యంకె రాగానే టార్కు రెంచి టిక్కుమనును.

అతడు ఇంజను నూనె దించు బోల్టునుగూడ విప్పి చూపెను. ఉక్కుబోల్టు చెక్కుచెదరలేదు, మెత్తని అల్యూమినియపు చుట్లు తీగెలవలె దానిని చుట్టుకొని వచ్చినవి. అదియును మా ప్రయోజకత్వమే.

ఒంటి సిలిండరు బండ్లు స్వభావముచేతనే అదరును. మన గట్లమీది గోతులు అందుకు తోడు. ప్రక్కలకు కలుగు జాఱుడే నట్టును విప్పునని జర్మనీ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో చూపెను. మామూలు స్ప్రింగు వాషరు దాని నంతగా ఆపజాలదు. అట్టిచోట్లకే త్రెడ్ లాకరు అను మందు. దీనిని 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్రాచార్యుడు వెర్నన్ క్రీబుల్ తయారుచేసెను. గాలి తగులునంతకాలము ఇది ద్రవముగానే యుండును; గాలి చొరని మరచుట్లనడుమ లోహము తగిలి గట్టిపడును. సీసా నిండుగా లేదని అంగడివానిని మేము తప్పుపట్టితిమి గాని, ఆ ఖాళీ గాలికొఱకేనట!

నీలిరంగుది పానాతో విప్పవచ్చును. ఎఱ్ఱనిది బాగుగ వేడిచేసినగాని రాదు. మరచుట్లకు నూనె, ఇసుక లేకుండ తుడిచి ఒక చుక్క వేసిన చాలును. పూర్తిగా గట్టిపడుటకు ఒకరోజు పట్టును. స్పార్కు ప్లగ్గునకు వాడరాదు, ప్లాస్టిక్కునకు తగులనీయరాదు. “మందు బిగింపుకి బదులు కాదండీ, బిగించింది నిలవడానికండీ” అని అతడు రెండుమారులు చెప్పెను. రెండవమారు మేము నోటుపుస్తకములో వ్రాసికొంటిమి. ఆ కమ్మీకి మాత్రము మందును నమ్మక, క్రొత్త బోల్టును నట్టును వేసి, స్ప్లిట్ పిన్నుగూడ తొడిగెను.

పని ముగిసినపిదప, ఒక్కొక్క నట్టుమీదుగా బోల్టువఱకు తెల్లరంగుతో సన్నని గీత గీచి, గీత విడిపోయినచో నట్టు తిరిగినదని తెలియుననెను. ఆ గీతలు చూచు పని మా అమ్మాయి పుచ్చుకొన్నది. ప్రతి శనివారము ఉదయము బండిప్రక్క చతికిలబడి వరుసగా చూచును. మొన్న అద్దము బోల్టు గీత నూలువాసి జరిగినదని చెప్పి, పానా మాకియ్యక తానే తీసికొన్నది.