కార్డుకు జ్వరమొస్తే

పల్నాడులో మే నెల వచ్చిందంటే మనుషులతోపాటు కంప్యూటర్లూ మొరాయిస్తాయి. వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు తరచూ వినిపించే ఆ రోజుల్లోనే పెళ్లిళ్లూ ఎక్కువ. పెళ్లిళ్లుంటే ఫోటో స్టూడియోల్లో వీడియో ఎడిటింగ్, ఆల్బమ్ డిజైనింగ్ రాత్రింబవళ్లు సాగాల్సిందే. సరిగ్గా అప్పుడే ఫిర్యాదులు మొదలవుతాయి. పొద్దున బాగానే నడిచిన కంప్యూటర్ పదకొండు దాటేసరికి నెమ్మదిస్తుంది. లోపలి ఫ్యాన్ పిండిమర మాదిరిగా మోత పెడుతుంది. తెర మీద రంగురంగుల గీతలు, గళ్లు పడతాయి. చివరికి తెర నల్లబడుతుంది. అరగంట ఆపి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టే పనిచేస్తుంది.

వైరస్ పట్టిందనుకుని కొందరు విండోస్ మళ్లీ వేయిస్తారు. కరెంటు హెచ్చుతగ్గుల వల్లేమోనని కొందరు కొత్త యూపీఎస్ కొంటారు. ఇంకొందరు నేరుగా కొత్త గ్రాఫిక్స్ కార్డుకే బేరమాడతారు. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక చతికిలబడే యంత్రం విషయంలో ముందుగా చూడాల్సింది వేడి ఎక్కడ ఇరుక్కుందన్నది. అది తెలిస్తే, చాలాసార్లు ఒక ట్యూబు పేస్టుతో పోయే జబ్బుకు వేల రూపాయలు పోయనక్కర్లేదు.

తెర మీద కనిపించే బొమ్మలను లెక్కగట్టి గీసేది గ్రాఫిక్స్ కార్డు. 1990లలో వచ్చిన కార్డుల్లో చాలావాటికి ఫ్యాన్ కూడా ఉండేది కాదు. ఆటలు, వీడియోలు, ఆ తర్వాత కృత్రిమ మేధ పనులు పెరిగేకొద్దీ వాటి ఆకలీ పెరిగింది. 2010లో వచ్చిన జీఫోర్స్ జీటీఎక్స్ 480కి 250 వాట్లు కావాలి. 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090కి 450 వాట్లు. అంటే సుమారు ఆరు సీలింగ్ ఫ్యాన్లు తిరగడానికి పట్టే కరెంటు. అది దాదాపు అంతా వేడిగా మారేది పెద్ద తపాలా బిళ్లంత చిప్‌లో, దాని చుట్టూ ఉన్న కొన్ని భాగాల్లో.

ఆ వేడిని రాగి, అల్యూమినియం రేకుల్లోకి లాగి, ఫ్యాన్లతో గాల్లోకి ఊదేయడమే కూలర్ పని. అందువల్ల అదెంత ఖరీదైనదైనా చిప్‌ను గది వేడి కన్నా చల్లబరచలేదు. 25 డిగ్రీల ఏసీ గదిలో 70 డిగ్రీల వద్ద నడిచే కార్డు, 42 డిగ్రీల గదిలో అదే పని చేస్తే దాదాపు 87 డిగ్రీలకు చేరుతుంది. హద్దు దగ్గరపడగానే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే ఆగిపోతుంది. యజమానికి అది చావులా కనిపిస్తుంది గానీ, కార్డు తన ప్రాణం కాపాడుకునే తీరు అది.

నరసరావుపేట ప్రాంతంలో చిన్న స్టూడియో నడిపే ఒకాయనకు ఇది నిండు సీజన్‌లో ఎదురైంది. మూడు పెళ్లిళ్ల వీడియోలు అప్పగించాల్సి ఉంది. తీసుకున్న అడ్వాన్సు కెమెరా వాయిదాకు, కుర్రాళ్ల జీతాలకు ఎప్పుడో అయిపోయింది. వీడియోను రెండరింగ్‌కు పెడితే సగం కూడా కాకముందే తెర నల్లబడుతోంది. చూసిన మెకానిక్ "కార్డు పోయింది, కొత్తది వేయాల్సిందే" అని తేల్చేశాడు. ఆ కొత్త కార్డు ధర, సీజన్ మొత్తం మీద ఆయనకు మిగిలేదానికి కాస్త అటూ ఇటూగా ఉంది. పెళ్లివారు ఫోన్ చేస్తే ఎత్తడానికి జంకే స్థితికి వచ్చాడు.

ఆయన బావమరిది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, కంప్యూటర్ సామాన్లకు పేరుపడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర, రిపేర్ల పని చేస్తాడు. బంధువుల పెళ్లికని వచ్చినవాడు ముందు స్క్రూడ్రైవర్ అడగలేదు. కంప్యూటర్ టేబుల్ వంక చూశాడు. అందరూ సీపీయూ అని పిలిచే డబ్బా ఆ టేబుల్ కింది అరలో, తలుపు మూసి, వెనక భాగం గోడకు ఆనించి ఉంది.

"బావా, కొత్త కార్డు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ తలుపు తీయండి."

"దుమ్ము పడుతుందనే కదరా మూసింది?"

"దుమ్ము ఎలాగూ పడింది. గాలే ఆడటం లేదు."

జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూపించిన లెక్క 94 డిగ్రీలు. డబ్బాను అరలోంచి బయటికి లాగి, పక్క రేకు తీసి, అదే వీడియోను మళ్లీ పెడితే 87 దగ్గర నిలిచింది. పైసా ఖర్చు లేకుండా ఏడు డిగ్రీలు తగ్గాయి. జబ్బు సగం అక్కడే తేలిపోయింది. కార్డుకు ఊపిరాడటం లేదు, అంతే. ఈ లెక్క చూడటానికి నిపుణుడే రానక్కర్లేదు. విండోస్ 10లో 2020 మే అప్‌డేట్ నుంచి టాస్క్ మేనేజర్‌లోనే విడి గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది.

మిగతా సగం లోపల ఉంది. పత్తి నూగు, సున్నపు దుమ్ము, దేవుడి పటం ముందు వెలిగించే అగరుబత్తి పొగ కలిసి ఫ్యాన్ వెనక రేకుల సందుల్లో దుప్పటిలా పేరుకుపోయాయి. పైపైన తుడిస్తే ఇది పోదు. ఫ్యాన్ విప్పితే గానీ కనిపించదు కూడా. ముందు ప్లగ్గు పీకాలి. ఒంట్లోని స్థిర విద్యుత్ పోయేలా డబ్బా ఇనుప భాగాన్ని తాకాలి. ఆ తర్వాత కార్డు బయటికి తీసి మెత్తటి బ్రష్షుతో, బ్లోయర్ గాలితో దులపాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అది వేగం మించి గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతినవచ్చు. తడిగుడ్డ పొరపాటున కూడా వాడకూడదు.

అసలు మర్మం హీట్‌సింక్ కింద ఉంటుంది. చిప్, దాని మీద కూర్చునే లోహపు దిమ్మె రెండూ చూడటానికి నున్నగానే ఉంటాయి. కానీ వాటి మధ్య కంటికి ఆనని గుంటలుంటాయి. ఆ గుంటల్లో గాలి ఉంటే వేడి దాటలేదు. వేడిని మోయడంలో గాలి శక్తి రాగి శక్తిలో పదివేల వంతు కూడా ఉండదు. ఆ ఖాళీలు పూడ్చడానికే థర్మల్ పేస్టు పూస్తారు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారుతుంటే అందులోని నూనె విడిపోతుంది. పేస్టు కొంత పక్కలకు జారుతుంది. మిగిలింది పాత గోడ సున్నంలా ఎండి పెళుసవుతుంది. స్టూడియో కార్డులో జరిగింది అదే.

ఎండిన పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచేసి, చిప్ మీద పలచగా కొత్త పేస్టు వేయాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం అపోహ. ఖాళీలు నింపాల్సిన పేస్టు మందంగా పడితే తానే అడ్డుగోడ అవుతుంది. గాలియం కలిసిన ద్రవ లోహం జోలికి తెలియనివారు పోకపోవడం మంచిది. అల్యూమినియానికి తగిలితే అది ఆ లోహాన్నే తినేస్తుంది. స్క్రూలను ఒక మూల తర్వాత దాని ఎదుటి మూల చొప్పున కొద్దికొద్దిగా బిగించాలి. ఒకే పక్క గట్టిగా బిగిస్తే చిప్ అంచు విరిగే ప్రమాదముంది.

మెమరీ చిప్‌ల మీద ఉండే మెత్తటి థర్మల్ ప్యాడ్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1 మిల్లీమీటరు ప్యాడ్ ఉన్నచోట 2 మిల్లీమీటర్లది పెడితే హీట్‌సింక్ పైకి లేచి, అసలు చిప్‌కు సరిగా ఆనదు. రిపేరు చేశాక కార్డు మునుపటి కన్నా ఎక్కువ వేడెక్కితే ముందు అనుమానించాల్సింది దీన్నే. అందుకే బావమరిది చిరగని ప్యాడ్లను కదిలించలేదు. బిగుసుకుపోయిన ఫ్యాన్‌కు మాత్రం మధ్యలోని స్టిక్కర్ ఎత్తి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేశాడు. అది కొన్నాళ్లకే పనికొచ్చే చిట్కా. బేరింగ్ అరిగితే ఫ్యాన్ మార్చక తప్పదు.

గంటన్నర తర్వాత అదే వీడియో, అదే గదిలో 76 డిగ్రీల దగ్గర నడిచి చివరిదాకా పూర్తయింది.

"అయితే కార్డు కొత్తదైపోయినట్టే" అన్నాడు బావ.

"కొత్తదేం కాలేదు బావా. ఇన్నేళ్లు వేడిలో ఉడికింది. ఈ సీజన్ గట్టెక్కిస్తుంది. వచ్చే ఏడాదికి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి."

రిపేరు పనిలో కష్టమైన భాగం ఆ రెండో మాట చెప్పడమే. దుమ్ము దులిపితే వేడి దిగుతుంది. వేడి అప్పటికే చేసిన గాయం దిగదు. వేడెక్కినప్పుడు సిలికాన్ కొద్దిగా, దాని కింది బోర్డు అంతకు కొన్ని రెట్లు ఎక్కువగా సాగుతాయి. ఈ తేడా భారం రెంటినీ కలిపే సన్నటి సోల్డర్ గుండ్ల మీద పడుతుంది. రోజూ వేడెక్కడం, చల్లారడం వేలసార్లు జరిగాక వాటిలో పగుళ్లు పుట్టవచ్చు.

ఈ దెబ్బ పెద్ద కంపెనీలకే తగిలింది. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360 ఆట యంత్రాల వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకు 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. వేడెక్కి చల్లారే క్రమంలో చిప్ ప్యాకేజీ లోపలి కనెక్షన్లు పగలడమే కారణమని 2021లో ఆ కంపెనీ విడుదల చేసిన డాక్యుమెంటరీలో చెప్పుకొచ్చారు. 2008 జులైలో ఎన్విడియా కూడా లాప్‌టాప్‌లలోని కొన్ని చిప్‌ల ప్యాకేజీ బలహీనంగా ఉందంటూ 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది.

సరిగ్గా అలాంటి పగుళ్లకే ఓ నాటు వైద్యం పుట్టింది. కార్డును ఓవెన్‌లో పెట్టి కాల్చడం, లేదా చిప్ మీద హీట్ గన్ తిప్పడం. చచ్చిన కార్డు లేచి కూర్చుంటుంది కాబట్టి చూసేవారికి ఇది మహత్యంలా ఉంటుంది. అయితే సీసం కలిసిన పాత రకం సోల్డర్ 183 డిగ్రీల వద్ద కరుగుతుంది. యూరప్ 2006 జులైలో సీసం మీద ఆంక్షలు అమల్లోకి తెచ్చాక వాడుకలో పెరిగిన సీసం లేని రకానికి దాదాపు 217 డిగ్రీలు కావాలి. 200 డిగ్రీల ఓవెన్‌లో అది కరగనే కరగదు. పగిలిన అంచులు వ్యాకోచించి తాత్కాలికంగా తాకుతాయంతే. కొన్ని రోజులకో వారాలకో మళ్లీ మొదటికొస్తుంది. వంటకు వాడే ఓవెన్‌లో ఆ పొగలు మరో ముప్పు. ఈ చిట్కాతో లేపిన కార్డును "బాగైపోయింది" అని డబ్బు తీసుకుని పంపేస్తే దాన్ని రిపేరు అనలేం.

ఢిల్లీ నెహ్రూ ప్లేస్ అయినా, చెన్నై రిచీ స్ట్రీట్ అయినా సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవారికీ ఈ తేడా తెలియాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియం క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతికి స్వస్తి చెప్పాక, అప్పటిదాకా పగలూ రాత్రీ నడిచిన కార్డులు బజారుకెక్కాయి. పైకి తళతళలాడే కార్డును అరగంటైనా పూర్తి భారంతో నడిపించి, వేడి ఎక్కడ నిలుస్తుందో చూడకుండా డబ్బు చేతిలో పెట్టడం తెలివైన పని కాదు.

కార్డు విప్పనివ్వని మరో అడ్డంకి స్క్రూ మీది స్టిక్కర్. తీస్తే వారంటీ పోతుందని బెదిరించే ఇలాంటి స్టిక్కర్ల విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లోనూ, మళ్లీ 2024లోనూ కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. రెండోసారి అందుకున్నవాటిలో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీలూ ఉన్నాయి. భారత ప్రభుత్వం 2022 జులైలో రిపేరు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. అయినా ఏ ప్యాడ్ ఎంత మందమో చాలా కార్డుల పెట్టెల మీద నేటికీ కనిపించదు. వారంటీ ఉన్నంతకాలం కార్డును కంపెనీకే పంపడం, అది తీరాక నిబ్బరంగా విప్పడం మధ్యేమార్గం.

అంతకన్నా తేలికైన మార్గం తెలుగు ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఉగాదికి ముందు అటకల మీది సామాను దించి, ఇల్లంతా బూజు దులుపుతారు. ఆ జాబితాలో సీపీయూ డబ్బాను కూడా చేర్చి, టేబుల్ అరకున్న తలుపు ఊడదీస్తే, రాబోయే వేసవిలో ఎన్నో కార్డులు బతికిపోతాయి. అప్పటికీ బతకని కార్డుంటే ఆ సంగతి దాచకుండా చెప్పే మెకానిక్ దొరకాలి. అలాంటివాడు దొరికితే ఫోన్ నంబర్ రాసి పెట్టుకోవడం మంచిది.