గ్యాసుకి బరువేందిరా?

పోయిన ఆదివారం మా పక్క మండలంలోని ఎస్సీ హాస్టల్లో పదో తరగతి పిల్లలకి సైన్సు చెప్పడానికి వెళ్లాను. ఆ రోజు పాఠం అణుభారం. ఫార్ములా చూడాలి, ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి, ఒక్కోదాన్ని దాని పరమాణు భారంతో గుణించి అన్నీ కలపాలి. నీళ్లకి రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. 2 + 16 = 18. పిల్లలు చకచకా చేసేస్తున్నారు. వెనకనుంచి ఒక పిల్లాడు లేచి, "అన్నా, పరీక్షలో రెండు మార్కులకి తప్ప ఈ లెక్క ఇంకెక్కడ పనికొస్తది?" అన్నాడు.

వెంటనే చెప్పలేకపోయాను. జవాబు తెలియక కాదు.

నేను పదో తరగతి చదివింది ఇలాంటి హాస్టల్లోనే. 2003. హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, సల్ఫర్ 32, కాల్షియం 40 అని ఎక్కాల్లాగా బట్టీపట్టాం. ఒకసారి తడి సున్నం లెక్క ఇచ్చారు. కాల్షియం, పక్కన బ్రాకెట్లో ఓహెచ్, బ్రాకెట్ బయట కింద 2. నేను ఆ రెండుని హైడ్రోజన్‌కి మాత్రమే వేసి 58 అని రాశాను. సారు నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "బయటున్న రెండు లోపలున్న ఇద్దరిదీరా, 74" అన్నాడు. మా తాత తోళ్లు నానబెట్టే సున్నపు గుంత పక్కన ఆడుకుని పెరిగినవాణ్ని నేను. సున్నం తోలు మీది వెంట్రుకల్ని ఎట్లా ఊడగొడుతుందో కళ్లారా చూశాను. సారు మాత్రం గోడకేసే సున్నం గురించే చెప్పాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన చదివిన పుస్తకంలో మా గుంత లేదు.

ఆ సంక్రాంతికి మా చిన్నాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. అక్కడ అపార్ట్‌మెంట్ల సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే పని ఆయనది. ఊళ్లో మాత్రం "వాటర్ బోర్డు పని" అని చెప్పుకునేవాడు. నేను అరుగు మీద కూర్చుని హైడ్రోజన్ సల్ఫైడ్ లెక్క చేస్తుంటే పక్కన చేరాడు.

"ఏం లెక్కరా అది?"

"కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తదే, ఆ గ్యాసు బరువు చిన్నాయనా."

పకపకా నవ్వాడు. "గ్యాసుకి బరువేందిరా? దాని సంగతి నన్నడుగు. మూత తీయగానే గుప్పున కొడతది. కాసేపు అట్నే నిలబడితే వాసన పోద్ది. అగ్గిపుల్ల గీసి లోపలేస్తాం. భగ్గుమనకపోతే దిగుతాం."

నేను 2 + 32 = 34 అని రాసి నోటుబుక్కు మూసేశాను. పిండివంటలు తినడానికి లోపలికి పోయాం.

2005లో, నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, ఒక అపార్ట్‌మెంట్ ట్యాంకులో చిన్నాయన చనిపోయాడు. ముందు దిగింది ఆయన కాదు. వేరే కుర్రాడు దిగి పైకి రాకపోతే, వాణ్ని లాగడానికి దిగాడు. పంచనామాలో "ప్రమాదవశాత్తు జారిపడి" అని రాశారు. కాంట్రాక్టరు కొంత డబ్బు చేతిలో పెట్టి మా పిన్ని వేలిముద్ర వేయించుకున్నాడు.

ఆ పంచనామా కాగితం నా చేతికి వచ్చింది చాలా ఏళ్ల తర్వాత. అందులో ట్యాంకు కొలతలున్నాయి. మురుగు పైన ఖాళీ జాగా సుమారు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. అప్పుడు కూర్చుని పదో తరగతి లెక్క మళ్లీ చేశాను. విద్యార్థి మిత్రులు పెన్ను తీసుకుని నాతోపాటు చేయండి.

ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర, ఒకే ఘనపరిమాణంలో ఏ వాయువుకైనా అణువుల సంఖ్య ఒకటే అని అవగాడ్రో 1811లోనే చెప్పాడు. కాబట్టి ఏ వాయువు అణుభారం ఎక్కువైతే అదే బరువు. గాలి సంగతి చూడండి. నూటికి 78 పాళ్లు నైట్రోజన్, దాని అణుభారం 28. 21 పాళ్లు ఆక్సిజన్, 32. మిగిలిన ఒక పాలు దాదాపు ఆర్గాన్, 40. కలిపితే 21.84 + 6.72 + 0.4, అంటే 29కి కాస్త తక్కువ. మీథేన్ 16. అది తేలిక, మూత తీస్తే పైకి పోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ 34, కార్బన్ డయాక్సైడ్ 44. ఇవి గాలికంటే బరువు, అడుగునే ఉండిపోతాయి. మూత తీసి గంటసేపు ఆగినా వాటంతటవి పైకి రావు.

బరువు ఒక్కటే చంపుతుందని కాదు. 34కీ 29కీ మరీ అంత తేడా లేదు. అసలు మోసం మురుగులో ఉంది. ఈ గ్యాసు మురుగునీళ్లలో కరిగి ఉంటుంది. మనిషి దిగి పారతోనో బకెట్టుతోనో కదిలించగానే, సోడా సీసా ఊపినట్టు, ఒక్కసారిగా బయటికొస్తుంది. పైన చూసినప్పుడు లేనిది దిగాక పుడుతుంది.

ఎంత పుడితే చాలు? గాలిలో పది లక్షల పాళ్లకి వెయ్యి పాళ్లుంటే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. ఆ ఖాళీ జాగా 12 ఘనమీటర్లు, అంటే 12,000 లీటర్లు. అందులో వెయ్యో వంతు 12 లీటర్లు. మామూలు వేడిలో ఒక మోల్ వాయువు సుమారు 24 లీటర్లు ఆక్రమిస్తుంది. కాబట్టి 12 లీటర్లంటే అర మోల్. 34లో సగం 17.

17 గ్రాములు. నాలుగు చెంచాల పంచదార బరువు.

ఇక చిన్నాయన చెప్పిన వాసన సంగతి. పది లక్షల పాళ్లకి నూరు పాళ్లు చేరితే ముక్కు ఆ వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయిందంటే గ్యాసు పోయిందని కాదు, ముక్కు పోయిందని. అగ్గిపుల్ల? ఈ గ్యాసు మండాలంటే నూటికి నాలుగు పాళ్లకి పైన ఉండాలి. మనిషిని చంపడానికి నూటికి పదో వంతు పాలు చాలు. ఆయన ప్రాణం పెట్టుకున్న రెండు పరీక్షలూ "దిగు" అనే చెప్పాయి. ఈ మాట ఆ అరుగు మీద నేను చెప్పగలిగుండాలి. చెప్పడానికి కావలసిన అంకె నా నోటుబుక్కులోనే ఉంది. ఇన్నేళ్లయినా ఇది నాకు మింగుడుపడదు.

ఆయనకి చెప్పాల్సిన బాధ్యత పదిహేనేళ్ల పిల్లాడిది కాదని మిత్రులు ఓదారుస్తారు. నిజమే. పని చేయించుకున్నవాడిది. 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు ట్యాంకులోకి మనిషిని దించడాన్ని నేరం చేసింది, మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరుల సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసులో, 2014 మార్చి 27న సుప్రీంకోర్టు 1993 నుంచి ఈ పనిలో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వమంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కానీ మా కాగితం మీద "జారిపడి" అని ఉంది కదా. జారిపడినవాడు ఈ లెక్కలోకి రాడట. అందుకే పిన్ని పేరున పెట్టిన అర్జీలో ఈ లెక్కంతా అంకెలతో సహా రాసి జతచేశాను. ఇద్దరు మనుషులు ఒకే ట్యాంకులో, ఒకరి తర్వాత ఒకరు, ఎలా "జారిపడ్డారో" చెప్పమని అడిగాను. ఆఫీసులో గుమాస్తా చదివి, "ఇదంతా ఏంటి, సైన్సా?" అన్నాడు. ఫైలు ఇంకా అక్కడే ఉంది.

ఆదివారం ఆ పిల్లాడికి ఇదంతా చెప్పాను. బోర్డు మీద 34, 29 పక్కపక్కన రాశాను. ఎవరైనా లోపల పడిపోతే వెనకే దిగొద్దని, 101కి ఫోన్ చేయమని, పైనుంచి గాలి కొట్టించమని, గ్యాసు కొలిచే మీటరు తాడుకి కట్టి దించకుండా ఎవర్నీ దిగనివ్వొద్దని చెప్పాను. క్లాసు అయిపోయాక వాడు నా దగ్గరికొచ్చాడు. వాళ్ల నాన్న సెప్టిక్ ట్యాంకర్ లారీ మీద పనిచేస్తాడట, చదువు రాదట.

"అంకెలొద్దన్నా," అన్నాడు. "బొమ్మేసివ్వు. ఇంటికి తీస్కపోతా."

నోటుబుక్కులోంచి కాగితం చింపి ఇచ్చాడు. మ్యాన్‌హోల్ గీశాను, అడుగున గ్యాసు గీశాను. ముక్కు బొమ్మ నాకు సరిగ్గా రాలేదు. వాడే చెరిపి మళ్లీ గీశాడు, దాని మీద ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కు కొట్టాడు.

జై భీమ్.