మందు పెట్టు బాధలు

రోగమును గూర్చి గుసగుసలాడుట మన యిండ్లలో నొక యాచారమైనది. క్యాన్సరను మాట వినబడినంతనే తలుపులు మూయుదురు, ఆడువారికి జెప్పరు, తుదకు రోగికిని జెప్పరు. ఈ యాచారమువలని కీడెంతటిదో మేము మా శరీరముననే పరీక్షింపవలసి వచ్చినది గావున, చదువరులకు రెండు మాటలు విన్నవించుచున్నాము.

మాకు మూత్రపిండమున క్యాన్సరు పుట్టి ఊపిరితిత్తులకు బ్రాకినది. శస్త్రచికిత్స పిమ్మట వైద్యులు సునిటినిబ్ అను మందు నిచ్చిరి. అమెరికా దేశమున 2006వ సంవత్సరమున నీ వ్యాధికి అనుమతి పొందిన మందిది. కంతి తన పోషణకై క్రొత్త రక్తనాళములను మొలిపించుకొనును. ఈ మందు దాని నడ్డగించును. కాని రక్తనాళములు ఆరోగ్యవంతమగు నంగములకును గావలయును గదా! అందుచేత రక్తపుపోటు పెరుగును, అరచేతులు, అరికాళ్లు ఎఱ్ఱనై మండును, నోరు పూయును, విరేచనములగును, నాలుకకు రుచి చచ్చును. నాలుగు వారములు సేవించి రెండు వారములు విడుచుట దీని వాడుక క్రమము.

మూడవ వారమునకు మాకు చెంబు పట్టుకొనుటయే గండమయ్యెను. అప్పుడు మిత్రుడొకడు వచ్చి, "ఈ బాధలు వైద్యునితో జెప్పకుడు. చెప్పితిరా, మోతాదు తగ్గించును, రోగము పైబడును" అని హితము పలికెను. ఆ మాట మమ్మొక రాత్రి నిద్రపోనీయలేదు. బ్రదుకవలెనను నాశ గలవానికి అది సులభముగ ద్రోసివేయదగినది కాదు. మా యిల్లాలు మాత్రము, "దాచిన బాధ ముదిరి మందునే మాన్పించినచో మీకేమి మిగులును?" అన్నది.

వైద్యుడు మొదట మా కుమారునితోడనే మాటలాడుచు, ఆమె వంక జూడకుండెను. అయినను రక్తపుపోటు కొలుచుట నేర్చి, ఉదయసాయంకాలములు అంకెలు వ్రాసినది ఆమెయే. బాధ యే దినమున మొదలై యే దినమున నణగెనో గుర్తించినదియు నామెయే. ఆ పుస్తకమును జూచి వైద్యుడు, రెండు వారములు సేవించి యొక వారము విడుచునట్లు క్రమము మార్చెను. ఆఱు వారములలో లోపలికి బోవు మందు మునుపటియంతయే. చేతుల మంట మాత్రము చాల తగ్గెను. నాటినుండి ఆయన ప్రశ్నలన్నియు ఆమెనే యడుగుచున్నాడు.

మఱియొకమాఱు మాకు నిస్సత్తువ మితిమీఱెను. వయస్సని బంధువులనిరి, కర్మమని పురోహితుడనెను. రక్తపరీక్షలో థైరాయిడు గ్రంథి మందగించినదని తేలెను. దినమున కొక చిన్నమాత్రతో ఆ కర్మము చాలవఱకు తీఱెను.

తక్కిన యుపాయములు సామాన్యములు. చేతులకు, కాళ్లకు యూరియా కలిసిన లేపనము, మెత్తని నూలు మేజోళ్లు, వేడినీళ్లకు దూరము, కారము మాని పెరుగన్నము, విరేచనములైననాడు ఓఆర్‌ఎస్ నీరు. అట్టినాడు ఏకాదశి యైనను ఉపవాసము తగదు. ఈ మందు కాలేయమునకు హాని చేయవచ్చును గాన, చుట్టములు ప్రేమతో దెచ్చు కషాయములను నమస్కరించి త్రిప్పి పంపవలెను. 2015లో నీ వ్యాధికి అనుమతి పొందిన నివోలుమాబ్ వంటి మందులు వాడువారికి విరేచనములు పేగుల వాపువలన గావచ్చును; అది గృహవైద్యమునకు లొంగదు, వెంటనే వైద్యునికి దెలుపవలెను.

ఈ మందు మాకెన్నాళ్లు పనిచేయునో యెవరును జెప్పజాలరు. కాని యున్న దినములు మంచముపై మూల్గుచు గడచునా, మనుమరాలికి బాఠము చెప్పుచు గడచునా యన్నది కొంతవఱకు మన చేతిలోనే యున్నది. పురుషులారా! మీ రోగమును మీ యిల్లాండ్రకు దాచకుడు. సోదరీమణులారా! వైద్యుని యెదుట తలుపు చాటున నిలువకుడు. కుర్చీ జరుపుకొని కూర్చుండుడు, అడుగుడు, వ్రాసికొనుడు.