ఆరంభశూరులము

ఆంధ్రులు ఆరంభశూరులని యొక నింద చిరకాలముగా వాడుకలో నున్నది. ఆ నింద యెల్లరకు వర్తించునో లేదో మేము చెప్పజాలము గాని, మా శరీరము విషయమున మాత్ర మది నూటికి నూఱుపాళ్లు సత్యమని యొప్పుకొనుట ధర్మము. పదేండ్లలో మేము బరువు తగ్గుటకు ఏడు పర్యాయములు ప్రారంభించితిమి. ఉగాదినాడో, పుట్టినదినముననో, జనవరి మొదటి తేదీనాడో ప్రతి ప్రారంభమును సలక్షణముగనే జరిగినది. ప్రారంభములు ఏడు, సమాప్తి యొక్కటియు లేదు. ఎనిమిదవ పర్యాయమున మాకు గలిగిన బుద్ధిని పాఠకులతో పంచుకొనుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము. దీనిని వైద్యగ్రంథముగా నెంచక, ఒక గృహస్థుని యొప్పుకోలుగా నెంచ బ్రార్థన.

రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు సమీపమున మా నివాసము. మూడేండ్ల క్రిందట మా బరువు 91 కిలోలు. ఎత్తు 168 సెంటీమీటర్లు. కిలోలలోని బరువును మీటర్లలోని యెత్తుయొక్క వర్గముచే భాగింపగా వచ్చు సంఖ్యను బట్టి వైద్యులు స్థూలత్వమును నిర్ణయింతురు. మన దేశీయులకు ఆ సంఖ్య 23 చేరిన అధికభారము. 25 చేరిన స్థూలకాయము. మాది 32. పురుషుల నడుము 90 సెంటీమీటర్లకు లోబడి యుండవలెను, మాది 106. పరగడుపున చేయించిన రక్తపరీక్షలో చక్కెర 118. అది యింకను మధుమేహము కాదు, దాని గడప. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన ప్రకారము మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైగను, ఆ గడపమీద నిలిచినవారు 13 కోట్లకు పైగను గలరు. ఇంతమంది తోడున్నను మాకు ధైర్యము కలుగలేదు. ఏలయన, మా తండ్రిగారు ఆ గడపను దాటి, మూత్రపిండములు చెడి, తమ 58వ యేట మమ్ము విడిచిపోయిరి. మాకు నాటికి 48 నిండినవి. కాగితమును కలమును అక్కఱలేకయే మిగిలిన లెక్క తెలిసిపోయినది.

వైద్యుడు మా కాగితములు చూచి, "ఆరు కిలోలు తగ్గండి. నిదానంగా తగ్గండి. ప్రస్తుతానికి అది చాలు," అనెను. మా కామాట యవమానముగ దోచినది. ఆరు కిలోలా! ఇంతటి పట్టుదల గలవారిని ఇంత స్వల్పకార్యమునకు నియోగింతురా? మూడు నెలలలో 20 కిలోలు తగ్గి యాయన మేజా ముందఱ నిలువవలెనని శపథము పట్టితిమి.

మఱునాటినుండి మా యింట అన్నము మాకు నిషిద్ధమయ్యెను. మిత్రు డొకడు చెప్పిన పద్ధతి ననుసరించి ఉదయము నిమ్మరసము, మధ్యాహ్నము పలుచని చారు, రాత్రి మజ్జిగ. మొదటి వారములోనే మూడు కిలోలు తగ్గినవి! వీధిలో కనబడినవారి కెల్ల ఆ మాట చెప్పితిమి. అందులో అధికభాగము నీరే యని మాకు తరువాత తెలిసినది. కాలేయమునందును కండరములందును నిలువయుండు పిండిపదార్థము తనతోగూడ నీటిని పట్టియుంచును. తిండి మానినంతనే ఆ నిలువ ఖర్చగును, నీరు వెడలిపోవును, కాటా సంతోషపెట్టును. కొవ్వు మాత్రము తన తావున తాను స్థిరముగ నుండి, మెల్లగ గాని కదలదు.

పందొమ్మిదవనాటి యుదయమున గట్టుమీద నడచుచుండగా కన్నులు చీకట్లు గ్రమ్మి కూలబడితిమి. పుష్కరఘట్టమునొద్ద పూలమ్ము నొకామె నీళ్లు చల్లి, తన బుట్టలోని యరటిపండు వలిచి నోట బెట్టినది. ఆ పండు మధురిమ మే మీ జన్మమున మఱువము. అయినను మాకు బుద్ధి రాలేదు. రెండు నెలలలో తొమ్మిది కిలోలు తగ్గితిమి. అంతలో మాఘమాసము వచ్చినది; బంధువుల యింట వివాహము వచ్చినది; పూతరేకులు వచ్చినవి. ఒకటి తిన్నందున వ్రతభంగమైన దనుకొంటిమి. భంగమైన వ్రతమున కిక నియమమేల యని ఆఱు తింటిమి. అటుపై అయిదు నెలలు తిరుగునప్పటికి మా బరువు 92 కిలోలు. అసలుతోపాటు వడ్డీ కూడ చెల్లించితిమన్నమాట.

ఇది మా యొక్కరి దౌర్బల్యమే యని చిరకాలము సిగ్గుపడితిమి. పిమ్మట నొక వృత్తాంతము చదివితిమి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యారోగ్యవంతులగు యువకులకు, వారి యిష్టముతోనే, 24 వారములపాటు ఆహారమును సగమువఱకు తగ్గించి పరిశీలించెను. వారు తమ బరువులో దాదాపు నాలుగవవంతు కోల్పోయిరి. దానితోపాటు వారికి చలి యెక్కువయ్యెను, కోపమెక్కువయ్యెను, ఉత్సాహ ముడిగెను. పగలు రాత్రి తిండిని గూర్చిన తలపే. వంటపుస్తకములు ముందు వేసికొని చదువువారును గలిగిరి. మరల ఆహారము దొరకినప్పుడు ఎంత తిన్నను తృప్తి లేకపోయెను. దీనిని చదివి మేము నవ్వుకొంటిమి. చారునీళ్లు త్రాగిన దినములలో మేమును అర్ధరాత్రివేళ సెల్ఫోనున గుత్తివంకాయ కూర వండు విధము చూచుచు కూర్చుండెడివారము! ఆకలిగొన్న దేహము తన్ను తాను కాపాడుకొనుటకు చేయు ప్రయత్నమును మేము మనోదౌర్బల్య మనుకొంటిమి. అమితముగ పస్తుండినచో కొవ్వుతో గూడ కండయు కరగును; కొందఱికి పిత్తాశయమున రాళ్లు పుట్టును; చక్కెర తగ్గించు మందులు వాడువారు వైద్యుని యడుగక పస్తుండిన ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ఇంతవఱకు చెప్పినది మా దేహమునకు జరిగిన నష్టము. ఇంతకంటె పెద్దది మా కన్నులయెదుట జరుగుచుండగా మేము చూడలేదు.

మాకు పదియేడేండ్ల కూతురు గలదు. అప్పు డింటర్మీడియేటు రెండవ సంవత్సరము చదువుచుండెను. పైని చెప్పిన పెండ్లిలో దగ్గఱి చుట్టమొకామె దానిని తేఱిపాఱ జూచి, "పిల్ల కళగానే ఉంది. కాస్త ఒళ్లు తగ్గిందంటే సంబంధాలు గుమ్మంలోకొస్తాయి," అన్నది. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. నిజమున కా పిల్ల బరువు ఎత్తునకు తగినట్లే యుండెను. ఆ మఱునాటినుండి అది క్యారియరులోని యన్నమును స్నేహితురాండ్రకు పంచిపెట్టుచు, రాత్రివేళ "కడుపునిండింది" అనుచు గడిపినది. నాలుగు నెలలకు తల్లి కనిపెట్టినది. జుట్టు రాలుచుండెను, మెట్లెక్కిన ఆయాసము, రెండు నెలలుగా నెలసరి లేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 8.6. వైద్యురాలి యొద్దనుండి తిరిగివచ్చిన రాత్రి మేము దానిని మందలింపబోగా, అది కన్నీరు పెట్టక, కోపింపక, ఒక్క మాట యడిగినది: "నాన్నా, మీరు అన్నం మానేస్తే అందరూ పట్టుదల అన్నారు. నేను మానేస్తే జబ్బంటున్నారేం?"

ఆ ప్రశ్నకు మాయొద్ద ప్రత్యుత్తరము లేదు. ఆ యింట ఆ విద్యకు గురువుల మేమే. పస్తుండుట ఘనతయని, కాటాలోని యంకె తగ్గుట విజయమని, ఆకలిని జంపుకొనుట శౌర్యమని మేము రెండు నెలలు నడివీధిలో చాటితిమి. బిడ్డ విన్నది.

అప్పటినుండి మా యింట కొన్ని మార్పులు జరిగినవి. మొదటిది, ఒకే వంట. అంతకుముందు మా గృహిణి మాకొక వంట, పిల్లల కొక వంట చేసి, యందఱును తినినపిదప, పాఱవేయుట పాపమని మిగిలిన దంతయు తాను తినుచుండెను. మా నడుమును కొలిచిన ఆ యింట ఆమె నడుమును కొలిచినవారు లేరు. స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు కాగా ఆమెది 94. మేము గట్టుమీద ఆరోగ్యమును సంపాదించుచుండగా ఆమె పొయ్యిముందఱ మా చారు కాచుచుండెను! ఇప్పుడు రాత్రివేళ కూరలు తఱుగుట మా పని. ఉదయమున ఇరువురమును నడతుము. నలుగురమును ఒకే పంక్తిని కూర్చుండి తిందుము. ఆమె కడపట తినుట మానినతోడనే అవశేషములు తినుటయు మానినది. ఏడాదిలో ఆమె నడుము ఆఱు సెంటీమీటర్లు తగ్గినది. దాని కామె యే శపథమును పట్టలేదు.

కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు. పావువంతు పప్పో, గ్రుడ్డో, చేపయో, పెరుగో. మిగిలిన పావు అన్నము. అన్నమును మానలేదు, కొలిచి వడ్డించుకొందుము. ఆవకాయ నింటినుండి వెడలగొట్టలేదు. దానిపై నూనె పోసికొనుట మానితిమి. గ్రాము పిండిపదార్థమునకు నాలుగు క్యాలరీలు కాగా గ్రాము నూనెకు తొమ్మిది గదా! నెలకు అయిదు లీటర్ల నూనె వాడు నిల్లు మూడింటితో గడచుచున్నది. వేపుళ్లు ఆదివారమునకు మాత్రమే. కూతురికి మాత్రము తగ్గించుట లేదు. వైద్యురాలు చెప్పినట్లు ఇనుపధాతువు గల యాహారమును, మందును, కడుపునిండ భోజనమును.

నడక దినమునకు 30 నిమిషములు, వారమునకు అయిదు దినములు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పెద్దలకు విధించిన వారమునకు 150 నిమిషముల లెక్క దీనితో సరిపోవును. వారమునకు రెండు దినములు కుర్చీనుండి లేచుచు కూర్చుండుచు, గోడకు చేతులానించి త్రోయుచు కండలకు పని కల్పింతుము. బరువు తగ్గువేళ కండ నిలుచుటకు ఇది యవసరము. వాన కురిసిన నాడు వరండాయే గట్టు.

కాటాను దినమునకు మూడుమాఱు లెక్కుట మానితిమి. ఉప్పెక్కువ తిన్న మఱునాడు దేహము నీటిని నిలుపుకొని ఒక కిలో హెచ్చుట సహజము. ఆ యంకెను చూచి గుండెలు బాదుకొనుట యవివేకము. ఆదివారముదయమున ఒక్కమాఱు తూగి, పుస్తకములో వ్రాసి, మూసివేయుదుము. ఆ పుస్తకమును కూతురి కందకుండ నుంతుము.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము తప్పిన దినమును గూర్చినది. మనము ప్రతి నియమమును వ్రతముగ పట్టుదుము. వ్రతమునకు భంగము గలదు; భంగమునకు ప్రాయశ్చిత్తము గలదు. పూతరేకు తిన్న దోషమునకు మఱునాడు పస్తు; పస్తు ఫలితముగ ఆ మఱునాటి రాత్రి అమితభోజనము. దేహమునకు పాపపుణ్యములు తెలియవు; తిన్నది, నడచినది, నిద్రించినది మాత్రమే తెలియును. కావున మా యింట ప్రాయశ్చిత్తము రద్దయినది. పెండ్లిలో విందు తిందుము. రాత్రికి యథాప్రకారము కంచము పెట్టుకొందుము. క్రమము తప్పకుండుట యనగా ఎన్నడును పడకుండుట యని మే మనుకొనెడివారము. పడినపూటకును లేచినపూటకును నడుమ దూరము తగ్గించుటయే క్రమమని యిప్పు డెఱిగితిమి.

ఫలితమేమని పాఠకులు అడుగుదురు. రెండేండ్లకు మా బరువు 92 నుండి 83కు దిగినది. ఏడు నెలలుగా అచ్చటనే నిలిచియున్నది. పరగడుపు చక్కెర 101. మోకాళ్ల నొప్పి తగ్గినది. శపథము చేసిన 20 కిలోలలో సగమైనను కాలేదు గాని వైద్యుడు చెప్పిన ఆరు కిలోల విలువ యిప్పుడు తెలిసినది. 2002లో ప్రకటితమైన యొక అమెరికా పరిశీలనలో, బరువులో నూటికి ఏడుపాళ్లు తగ్గుటయు వారమునకు 150 నిమిషముల వ్యాయామమును లక్ష్యముగ పెట్టుకొన్నవారిలో మధుమేహము వచ్చుట నూటికి 58 పాళ్లు తగ్గినది. 2006లో ప్రకటితమైన మన భారతీయ పరిశీలనలో జీవనవిధానమును మార్చుకొన్నవారిలో అది 28.5 పాళ్లు తగ్గినది. అచ్చట బరువు పెద్దగా తగ్గకపోయినను ఈ మేలు కలిగినది. కాటా కదలని నెలలలో మాకు ధైర్యము నిచ్చునది ఈ వాక్యమే. 2025లో మన దేశమున విక్రయమునకు వచ్చిన క్రొత్త సూదిమందులు కొందఱికి అవసరము కావచ్చును. అవి వాడుట సిగ్గుపడదగిన పని గాదు. కాని వాటిని మానినపిదప తగ్గిన బరువులో పెద్దపాలు తిరిగివచ్చు ననియు పరిశీలనలు తెల్పుచున్నవి గనుక, కంచమును నడకను సరిదిద్దుకొను పని యెవ్వరికిని తప్పదు.

మా కూతురికి నాలుగు నెలలకు నెలసరి కుదిరినది. హిమోగ్లోబిను 12కు చేరినది. ఇప్పుడు కళాశాలలో బాడ్మింటను ఆడుచున్నది. క్రిందటి శ్రావణమాసపు పేరంటమున ఆ చుట్టమే మరల దాని యొంటిని గూర్చి యేదో యనబోగా, మా గృహిణి పసుపుకుంకుమలు చేతికిచ్చుచు, "వదినగారూ, పిల్ల ఏం చదువుతోందో అడగండి, చెబుతుంది," అన్నదట. పెండ్లినాడు నవ్విన మా నవ్వునకు ఆ మాటలో సమాధానము గలదు. ఆడపిల్ల దేహమును నలుగురిలో తూచు నీ దురాచారమునకు కాటా యక్కఱలేదు. మన నోరే చాలుచున్నది. దానిని మూసికొనుటకు శాస్త్రచర్చ యేల?

ఇక మాపై గల నింద మాట. ఆరంభించుట మాకు జన్మతో వచ్చిన విద్య గనుక దానిని విడువ దలచలేదు. ప్రతిదినమును ఉదయమున నారంభించుచున్నాము. రేపును ఆరంభింతుము.