గవాచి కింద చిలుం

మట్టి మిద్దెలో పొగ తాగే మనిషి ఎక్కడ కూర్చోవాలో ఇంటి కప్పే చెప్పేది. గవాచి ఎక్కడుంటే అక్కడ.

కదిరి నుంచి పులివెందుల పోయే దోవలో తలుపుల. ఆ చుట్టుపక్కల పల్లెల్లో నా చిన్నప్పటి ఇళ్ళన్నీ దాదాపు ఒకటే తీరు. రాతి గోడలు, స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరిచి, కంప వేసి, మన్ను తోలి, అన్నిటికీ పైన చౌడు. చౌడు నేల పంటకు దండగ. మిద్దెకు మాత్రం దాన్ని మించిన మన్ను లేదు. చినుకు తగలగానే మెత్తబడి, సందులన్నీ పూడ్చుకుని, నీళ్ళను కిందికి దిగనీయదు. ఏటా వానలకు ముందు బండ్లతో చౌడు తోలి మిద్దె మీద పరిచేవాళ్ళు. అంత దళసరి కప్పులో పొయ్యికి కాస్త ఇవతలగా మూరెడు కంత. అదే గవాచి. వాన నీళ్ళు దొర్లి లోపల పడకుండా అడుగు తీసేసిన కుండను దాని చుట్టూ బోర్లించి మట్టితో మెత్తేవాళ్ళు. మబ్బు కమ్మితే ఎవరో ఒకరు నిచ్చెనెక్కి బండ మూసి రావాలి. మా సీమలో ఆ పని ఏడాదికి ఎన్నిసార్లు పడి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ ఇళ్ళకు కిటికీలు లేవు. దొంగల భయమో, ఎండ భయమో, రెండూనో. గాలి వాకిలి గుండా కింద నుంచి రావాలి, వేడెక్కి గవాచిలోంచి పైకి పోవాలి. పొయ్యి మండుతున్నంతసేపూ ఈ ఈడ్పు ఆగదు. మధ్యాహ్నం గవాచిలోంచి ఎండ నిట్టనిలువుగా స్తంభంలా దిగేది. మా జేజినాయన, అంటే తాత, దాని పక్కన గొంతుక్కూర్చుని చిలుం ముట్టిస్తే, నోట్లోంచి బూడిద రంగులో వచ్చిన పొగ ఆ ఎండలోకి చేరగానే నీలంగా మారి, మెలికలు తిరుగుతూ పైకి పోయేది. సినిమాకు పోవాలంటే కదిరి దాకా పోవాలి కదా, మాకు అదే సినిమా.

బయట అంత ఆరుబయలు పెట్టుకుని ఇంట్లో తాగడమెందుకంటారా? బయట వామి ఉంది. శెనక్కాయ కట్టె అంతా దొడ్లో వామి వేసి పెడితే, ఎద్దులకు ఏడాది గ్రాసం అదే. చిలుంలోంచి ఒక్క నిప్పురవ్వ గాలికి లేస్తే వామి పోతుంది, దాని వెనక కొట్టం పోతుంది. అందుకని శెనక్కాయ కోతలైనప్పటి నుంచి పెద్దలు పొగ తాగడమంతా లోపలే. ఇంట్లో ఉన్నది ఎక్కువగా రాయీ మన్నూ, వామిలా ఇట్టే అంటుకునేది తక్కువ.

చిలుం అంటే మూరెడు గొట్టం, నగిషీల గుడగుడ అనుకునేరు. అది నవాబుల సరంజామా. పొగాకును మొదట అక్బరు దర్బారుకు తీసుకుపోయినవాడు అసద్ బేగ్. 1600ల మొదట్లో బిజాపూరు రాయబారం నుంచి తిరిగి వస్తూ, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా పట్టుకుపోయాడు. పాదుషా ఒకటి రెండు దమ్ములు లాగితే హకీములు అడ్డుపడ్డారట. మా జేజినాయన చిలుం కుమ్మరి చేతి మట్టిది. ఉమ్మెత్త పువ్వులా పైన విచ్చుకుని కింద సన్నబడుతుంది. పొగాకు నోట్లోకి జారకుండా లోపల ఒక గులకరాయి. పైన చేత్తో నలిపిన నాటు పొగాకు, దాని మీద పొయ్యిలోంచి తీసిన నిప్పు కణిక. కణికను ఆయన వేళ్ళతోనే తీసేవాడు. కింది కొసకు తడిపిన గుడ్డపేలిక చుట్టి, రెండు చేతులూ దోసిలిగా మూసి, పిడికిలి సందులోంచి లాగేవాడు. తడిగుడ్డ పొగను చల్లబరుస్తుంది, మడ్డిని కాస్త పట్టుకుంటుంది. నాలుగు దమ్ములకు ఆ పేలిక గోధుమ రంగుకు తిరిగేది.

అసలు కంపు తాగేటప్పటి పొగది కాదని మా జేజి వాదన. ఆరిపోయిన చిలుందే కంపు. ఆమె మాటలో చాలా నిజముంది. మండేటప్పుడు వేడితో పాటు పైకి పోయేది పోతుంది, చల్లారాక మట్టికి పట్టిన మడ్డి, తడిసిన బూడిద రోజంతా వాసన ఊరుస్తూనే ఉంటాయి. పైపు తాగేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడైనా ముందు నేర్చుకునే పాఠం ఇదే: తాగడం అయిన వెంటనే పైపు గిన్నెలో మిగిలిన మసిని దులిపి బయట పారెయ్యాలి. జేజి చెప్పే తీరు వేరు.

“ఏమయా, ఆ బూడిది గూట్లో పెట్నావంటే నీ సంగటీ గూట్లోనే పెడ్తా.”

బూడిద ఎరువు దిబ్బకు పోయేది. పేలిక పొయ్యిలోకి పోయేది. ఇక చిలుంను శుభ్రం చేసే తీరు నాకు ఇప్పటికీ అబ్బురమే. పది పదిహేను రోజులకొకసారి, రాత్రి వంటయ్యాక, జేజి దాన్ని పొయ్యిలో మిగిలిన నిప్పుల్లోకి తోసి పైన బూడిద కప్పేది. తెల్లారి తీస్తే మడ్డంతా కాలిపోయి, నల్లగా జిడ్డుగా ఉన్నది మళ్ళీ కుమ్మరి వాములోంచి అప్పుడే వచ్చినట్టు ఎర్రగా ఉండేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు. చెక్క పైపులకు ఈ భాగ్యం లేదు. ఇంగ్లండులో మట్టి పైపుల కాలంలో కూడా ఇట్లాగే నిప్పుల్లో కాల్చి శుభ్రం చేసుకునేవాళ్ళు.

మనిషికి పట్టిన వాసన సంగతి వేరు. వేళ్ళకు పిండిన నిమ్మతొక్క, ఉప్పు. పై గుడ్డను పులిసిన మజ్జిగలో కాసేపు నానేసి ఉతికేది. పులుపు ఎందుకో ఆమెకు తెలుసా అంటే, పని చేస్తుందని తెలుసు, అంతే. కారణం ఉంది. చిలుంకూ చుట్టకూ వాడే, ఎండకూ గాలికీ ఆరబెట్టిన ముదురు పొగాకు పొగలో క్షార గుణం ఎక్కువ. గుంటూరు వైపు బ్యారన్లలో వేడి గాలికి పండబెట్టే వర్జీనియా పొగాకు పొగ ఆమ్ల గుణానికి మొగ్గుతుంది, అందుకే సిగరెట్టును గుండెల్లోకి లాగగలరు, చుట్టను నోట్లోనే తిప్పుతారు. క్షారపు వాసనల్ని పులుపు పట్టి ఉంచుతుంది. ఇప్పుడు గదిలో గిన్నెడు వెనిగర్ పెట్టమని చెప్పే చిట్కా వెనక ఉన్నదీ ఇదే లెక్క, కాకపోతే గిన్నెలో ఊరికే పెట్టినదానికంటే గుడ్డతో తుడిచిన పులుపే పని చేస్తుంది.

కుర్రకారు ఇవేవీ చేసేవాళ్ళు కాదు. బీడీ తాగి జామాకు నమిలి ఇంట్లోకొచ్చేవాళ్ళు. జామాకు వాసన వచ్చిన ప్రతిసారీ దెబ్బలు పడేవి గనక అది దాచడం కిందికి రాదు.

శుక్రవారం సాంబ్రాణి. ఎప్పుడైనా ఊదు పళ్ళెం, నెమలీకల కట్ట పట్టుకుని సాయిబు వస్తే ఆయన వేసే పొగ. కదిరి నరసింహస్వామి తేరుకు పోయినప్పుడు తెచ్చిన దవనం బట్టల పెట్టెలో అడుగున. ఇవన్నీ వాసన మీద వాసన కప్పడమే, తీసెయ్యడం కాదు. దవనం వాసన పట్టిన చీర కట్టుకున్న జేజి పక్కన పడుకుంటే మాత్రం ఆ తేడా ఎవడిక్కావాలి. ఏటా పండక్కి గోడలకు సున్నం కొడితే నడుమెత్తు దాకా చేరిన పసుపు మరక కనబడకుండా పోయేది. దూలాలకు ఎవరూ సున్నం కొట్టేవాళ్ళు కాదు. అవి పొయ్యి పొగకు నల్లరాయిలా మెరుస్తుండేవి, చెద దగ్గరికి రాదని అట్లాగే వదిలేసేవాళ్ళు.

నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో పొగాకు వాసన ప్రత్యేకంగా తెలిసేదే కాదు. ఒక పక్క గాడి, దాని ముందు ఎద్దులు. ఇంకో పక్క శెనక్కాయ మూటలు. తడి కట్టెల పొగ, పేడ అలికిన నేల, కిరసనాయిలు బుడ్డి. ఇన్నిటి మధ్య చిలుం ఎంత? వాసనలన్నీ వరసగా ఇల్లు ఖాళీ చేసి పోయాకే దాని పేరు బయటికొచ్చింది.

ముందు కరెంటు వచ్చి బుడ్డి పోయింది. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాయి. 1999లో దీపం పథకం పెట్టాక, ముందో వెనకో, పల్లెల్లో గ్యాసు పొయ్యిలు చేరాయి. జేజి కళ్ళలో నీళ్ళు ఆగిపోయాయి, ఆ మార్పును నేను తక్కువ చేసి చెప్పను, ఆడవాళ్ళకు అంతకు మించిన మేలు ఆ రోజుల్లో ఇంకోటి జరగలేదు. తర్వాత మిద్దె తీసేసి స్లాబు వేశారు. స్లాబులో గవాచి ఉండదు. మేస్త్రీని అడిగితే నవ్వాడు. కొత్త ఇంట్లో గృహప్రవేశం వారంలోనే జేజినాయన హాల్లో గోడకానుకుని చిలుం ముట్టించాడు. పొగ పైకి పోయి, స్లాబును తాకి, పక్కకు పరుచుకుని, మెల్లగా మళ్ళీ మా మొహాల మీదికి దిగింది. అందరం ఒకేసారి దగ్గాం.

“ఈ ఇంటికి పొగ పొయ్యే దావ పెట్టలేదంట. ఇంగ నువ్వే బయటికి పో” అంది జేజి. అంతకాలం ఒక్క ఇంట్లో కూర్చుని తాగిన మనిషి, ఆ మాటతో వేపచెట్టు కిందికి పోయాడు. వామి అప్పటికి ఎటూ లేదు.

చిలుంకు నిప్పు కణిక కావాలి, గ్యాసు పొయ్యిలో కణికలుండవు. అగ్గిపుల్లతో ముట్టిస్తే గంధకం వాసన కలుస్తుందని రెండు రోజులు గొణిగి, ఆయన బీడీలోకి దిగిపోయాడు. సంతలో చిలుం కనబడడం మానేసింది కూడా ఆ రోజుల్లోనే.

బెంగుళూరులో ఉండే మా మేనల్లుడు ఈ మధ్య చెక్క పైపు కొన్నాడు. అపార్టుమెంట్లో వాసన రాకుండా ఎట్లా తాగాలని నన్నడుగుతాడు. పొగాకు మరీ తడిగా ఉంటే ఆరబెట్టుకో, చిన్న గిన్నె ఉన్న పైపు వాడు, మెల్లగా తాగు, మండిపోయేలా లాగకు, అవగానే మసి బయట పారెయ్యి, కిటికీ దగ్గర ఫ్యాను బయటి వైపు తిప్పి పెట్టు, పరదాలు తీసెయ్యి అని చెప్పాను. “ఇంతేనా?” అన్నాడు. ఇంతే. గవాచి కింద జేజి నడిపించిన కార్యక్రమమే ఇది. కొవ్వొత్తులు, అగరొత్తులు సాంబ్రాణి లెక్క. వాడి పెళ్ళాం బాల్కనీ చూపించింది, పైఅంతస్తు వాళ్ళు ఫిర్యాదు చేశారు, పైపు ఇప్పుడు షోకేసులో ఉంది.

వాసన తగ్గితే పొగ తగ్గినట్టు అనుకోవడమే ఇందులో అసలు ప్రమాదం. కంటికి కనబడని నికోటిన్ గోడలకూ బట్టలకూ పట్టుకుని నెలల తరబడి ఉంటుంది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్ళు 2010లో చూపించిందేమిటంటే, అట్లా పట్టుకున్న నికోటిన్ గదిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ తెచ్చే పదార్థాలుగా మారుతుందని. ఆ నైట్రస్ ఆమ్లం ఇళ్ళలోకి ఎక్కువగా వచ్చేది పొగగొట్టం లేని గ్యాసు మంట నుంచి. పొగాకు చేసే చెరుపును లెక్కగట్టిన పాత సర్వేల్లో ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మీద, 10,169 మందిని పరీక్షించి 1971లో అచ్చేశారు. అంగిట్లో పుండ్లు, క్యాన్సరు. బయటికి పొగ తక్కువే, లోపల మాత్రం అంతా.

గవాచి కూడా అంత పుణ్యమేమీ కట్టుకోలేదు. పోయినంత పోయింది, మిగిలింది జేజి లోపలికి పోయింది. జేజినాయన పోయాక ఆమెకు ఆయాసం మొదలైతే కదిరికి తీసుకుపోయాం. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, పొగ తాగే అలవాటుందా అమ్మా అని అడిగాడు.

“నేనేడ తాగుతా సామీ. తాగేటాయన పక్కన కూసున్న్యా, పొయ్యికాడ కూసున్న్యా.”

ఆయన పీల్చే మందు రాశాడు. గొట్టం నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, గట్టిగా లాగి కాసేపు ఊపిరి బిగబట్టాలని నర్సు చూపించింది. జేజి ఒకసారి లాగి, నా వైపు తిరిగి, “చూస్తివా, మీ జేజినాయన పోయినాక నాకు చిలుం అలవాటు చేస్తాండారు” అంది.